పసుపు దారం కట్టిన సీసా

చిట్టెమ్మ చేతి కొలత తప్పదని ఆ ఫౌండ్రీలో అందరికీ తెలుసు. ఇరవై లీటర్ల క్యానుకి గుప్పెడు ఉప్పు, నాలుగు గుప్పెళ్ళ పంచదార, పన్నెండు నిమ్మకాయలు. చెంచా లేదు, తూకం లేదు. పదహారేళ్ళుగా అదే గుప్పెడు. గాజువాక ఆటోనగర్‌లో చిన్న రేకుల షెడ్డు అది. పంపులకి ఇనప భాగాలు పోస్తారు. లోపల కొలిమి ముందు నిలబడితే పావుగంటలో చొక్కా తడిసి ముద్దవుతుంది, ఇంకో పావుగంటలో ఆరిపోతుంది. ఆరిన చొక్కా మీద తెల్లటి చారలు మిగులుతాయి. అది మనిషిలోంచి కారిపోయిన ఉప్పు. ఆ కారిపోయినదాన్ని మళ్ళీ మనిషిలోకి ఎక్కించడమే చిట్టెమ్మ ఉద్యోగం. జీతం చీటీలో ఊడ్చేమనిషి అని ఉంటుంది. పనివాళ్ళు మాత్రం నీళ్ళ చిట్టెమ్మ అంటారు.

ఇరవై ఏళ్ళ కిందట ఆనందపురం పక్క పల్లెలో మొగుడు పాముకాటుకి పోతే, తల్లి లేని తమ్ముణ్ణి చంకనెట్టుకున్నట్టే పట్నం పట్టుకొచ్చేసింది. వాడికప్పుడు తొమ్మిదేళ్ళు. మల్కాపురంలో ఒక్క గది. కిటికీ తెరిస్తే రిఫైనరీ వాసన, మూస్తే ఉక్క. ఆ గదిలోనే వాడు పెరిగాడు, పదో తరగతి తప్పాడు, మీసాలు మొలిపించుకున్నాడు, అక్క పనిచేసే షెడ్డులోనే కొలిమి దగ్గర చేరాడు. పేరు సింహాద్రి. అక్కని అప్పా అని పిలుస్తాడు, వాళ్ళ ఊరి అలవాటు.

ఆ తమ్ముడికి నీళ్ళు తప్పు కలిపింది చిట్టెమ్మ. పదకొండు రోజులు కలిపింది. తెలిసే కలిపింది.

జరిగింది ఇది. సింహాద్రి పెళ్ళాం పుష్పకి రెండు సార్లు కడుపు నిలవలేదు. మూడోసారి ఏడో నెల దాకా వచ్చింది. మంచం దిగొద్దన్నారని పెందుర్తిలో తల్లి దగ్గర పడుకుని ఉంది. సింహాద్రికి నిద్ర పట్టడం లేదు. చిట్టెమ్మే అంది.

"అమ్మోరికి ఉప్పిడి మొక్కుకోరా. ఇరవై ఒక్క రోజులు ఉప్పు నోట్లో ఎట్టకు. నీకు టైఫాయిడ్ వచ్చినప్పుడు నాను ఉన్నాను కదేటి. బతికినావా లేదా?"

"బతికినాను గానీ అప్పా, సప్పిడి కూడు ఎలా తిన్నావే బాబూ?"

"నీ మొకం సూసుకుంటా తిన్నాను. నువ్వు నీ పెళ్ళాం మొకం తల్సుకుంటా తిను."

అప్పుడు చిట్టెమ్మ ఉప్పిడి ఉన్నది మార్గశిరం చలిలో. ఇంటి అరుగు మీద కూర్చుని విస్తళ్ళు కుట్టుకుంటూ. చెమట బొట్టు పుట్టలేదు. ఇప్పుడు తమ్ముడు ఉంటున్నది మే నెలలో, కరిగిన ఇనుము ముందు. ఆ రెండూ ఒకటి కాదన్న ముక్క ఆ ఇద్దరికీ తట్టలేదు. దేవుడి పని కదా, అక్కడ లెక్కలు ఎవరడుగుతారు.

వాడి కోసం రెండు లీటర్ల ఖాళీ కూల్‌డ్రింక్ సీసా కడిగి, మెడకి పసుపు దారం కట్టింది. పెద్ద క్యానులో ఉప్పు పడకముందే ఆ సీసా నింపేది. నిమ్మరసం, పంచదార, నీళ్ళు, అంతే. మజ్జిగ పోసినా చప్పటిదే. కొలిమి దగ్గరవాళ్ళు క్యాను నీళ్ళు తాగితే సింహాద్రి సీసా తాగేవాడు. పూటకి మూడు, ఎండ ముదిరాక నాలుగు.

నాలుగో రోజు పిక్కలు పట్టేశాయన్నాడు. ఏడో రోజు తలనొప్పన్నాడు. తొమ్మిదో రోజు వాడి చొక్కా ఉతుకుతుంటే చిట్టెమ్మకి ఒక వింత కనబడింది. తెల్లచారలు చాలా పల్చగా ఉన్నాయి, కొన్నిచోట్ల అసలు లేవు. అది చూసి భయపడాల్సింది పోయి కళ్ళకద్దుకుంది. ఒళ్ళు శుద్ధి అయిపోయింది, అమ్మవారు మొక్కు అందుకుందనుకుంది. ఒంట్లో ఉప్పు అడుగంటిపోతే, ఉన్న నాలుగు రవ్వల్నీ ఒళ్ళు పిసినారిలా బిగపట్టుకుంటుందని, చెమటతో కూడా వదలదని ఆమెకి ఎవరు చెప్పారు గనక.

పదకొండో రోజు పదిన్నరకి సింహాద్రి వాంతి చేసుకున్నాడు. ఎవరో అడిగిన మాటకి ఇంకేదో జవాబిచ్చాడు. "పుష్పా, తలుపేసీ" అన్నాడు కొలిమి వైపు చూసి. అందరూ నవ్వారు. ఎండ కొట్టిందన్నారు. నీళ్ళు పట్టండన్నారు. చిట్టెమ్మ పసుపు దారం సీసా ఎత్తి, తల ఒళ్ళో పెట్టుకుని, గటగటా పట్టించింది. ఖాళీ అయ్యాక ఇంకో సీసా. రెండోది సగంలో ఉండగా వాడి కళ్ళు పైకి పోయాయి. దవడ బిగుసుకుంది. ఒళ్ళంతా విల్లులా వంగి కొట్టుకోవడం మొదలెట్టింది.

పుష్ప అన్న జగ్గారావు ఆటో తోలతాడు. ఫోనందుకుని పది నిమిషాల్లో వచ్చి పడ్డాడు. ఆసుపత్రికి దారి పొడుగునా హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు.

"ఏటైనాది వదినా? పొద్దున్న నాతో ఫోన్ల మాట్లాడినాడు. బాగానే ఉన్నాడు కదేటి!"

వెంట ఎక్కిన పనివాడు తమ్ముడి నోటిలో గుడ్డ కుక్కబోతే చిట్టెమ్మ వద్దని కసిరింది, అంతే.

ఆసుపత్రిలో సూదేసి ఫిట్స్ ఆపారు. రక్తం తీసుకెళ్ళారు. అరగంటకి సూర్యకళ అనే చిన్న వయసు డాక్టరమ్మ కాగితం పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"ఒంట్లో సోడియం నూట ఎనిమిది ఉంది. అంటే ఉప్పు. నూట ముప్పై అయిదుకి తగ్గకూడదు. ఇలాంటిది ఎప్పుడోగానీ చూడం. ఇది ఇవాళ మొదలైందా, కొన్ని రోజుల నుంచి ఉందా? నాకది కావాలి. ముందది చెప్పండి."

"ఇవాళేనండి," అన్నాడు జగ్గారావు. "పొద్దున్నకి రాయిలా ఉన్నాడు. ఎండదెబ్బండీ."

షెడ్డు సూపర్‌వైజర్ గురునాథరావు కూడా వచ్చాడు. కృష్ణా జిల్లా మనిషి, మాట మెత్తన. "మా దగ్గర ఉప్పు కలిపిన నీళ్ళే ఇస్తామండీ డాక్టరు గారూ. అందరూ అవే తాగుతారు. కావాలంటే ఈవిణ్ణే అడగండి, కలిపేది ఈవిడే."

అందరూ చిట్టెమ్మ వైపు తిరిగారు.

చెబితే షెడ్డులో పని పోతుంది, అది సరే. చెబితే జగ్గారావు అక్కడే గొంతు పిసుకుతాడు, అదీ సరే. చెబితే మొక్కు కట్టించింది తను, సీసా కట్టింది తను, ఫిట్స్ వచ్చేదాకా పట్టించింది తను అని తన చెవులతో తను వినాలి. అది సరే అనుకోవడం రాలేదు. "నాకేటి తెల్దమ్మా" అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా.

"ఎందుకడుగుతున్నానంటే," అంది డాక్టరమ్మ, ఈసారి ఒక్క చిట్టెమ్మతోనే, "ఇవాళే అయితే తొందరగా ఎక్కించేస్తాను. రోజుల నుంచైతే తొందరగా ఎక్కిస్తే మనిషి పాడైపోతాడు. తప్పు చెప్పారనుకోండి, నా చేత్తో నేనే పాడుచేస్తాను."

"పదకొండు రోజులమ్మా," అంది చిట్టెమ్మ. "ఉప్పిడి ఉన్నాడు. నీల్లు నానే ఏరేగా కలిపినాను. ఉప్పు లేకుండా."

జగ్గారావు గోడకి చెయ్యి ఆనించుకున్నాడు. "నువ్వా? తెలిసీ?"

"తెలిసే."

"ఓలమ్మో. మా సెల్లి కడుపుతో ఉందే! సొంత తమ్ముడికి ఇసం పోసినట్టు రోజూ పోసినావేటే!"

గురునాథరావు గొంతు సవరించుకుని, తనకి ఫోనొచ్చిందని బయటికి నడిచాడు. మళ్ళీ రాలేదు.

డాక్టరమ్మ ముందు చిన్న మోతాదులో గట్టి ఉప్పు మందు ఎక్కించింది, మెదడు వాపు కొంచెం దిగడానికి. తర్వాత డ్రిప్ చుక్కలు లెక్కపెట్టి చక్రం సన్నగా బిగించింది. అప్పుడు తీరిక చేసుకుని చిట్టెమ్మ పక్కన నిలబడింది. తిట్టలేదు. తిడితే బావుండుననిపించింది చిట్టెమ్మకి.

"మన ఒళ్ళంతా కణాలే అమ్మా. కంటికి కనపడనంత చిన్న గదులు. ప్రతి గదికీ గోడ బదులు పల్చటి పొర. ఆ పొరలో నీళ్ళకి సందులున్నాయి, అటూ ఇటూ సులువుగా తిరుగుతాయి. ఉప్పు అలా తిరగలేదు. లోపలికి ఒకటీ అరా దూరినా, బయటికి తోడిపోసే పంపులు పొరలోనే ఉన్నాయి. అందుకని ఉప్పు ఎక్కువగా గది బయటే ఉంటుంది. నీళ్ళేమో ఎటు చిక్కన ఎక్కువుంటే అటు నడుస్తాయి."

చిట్టెమ్మ తల ఎత్తింది. "మాగాయ ముక్కలకి ఉప్పేత్తే ఊటొచ్చినట్టా?"

"అదే. ఉప్పు బయటుంది కాబట్టి ముక్కలో నీళ్ళు బయటికొస్తాయి. మీ తమ్ముడికి ఉల్టా అయింది. బయట పల్చనైపోయింది, నీళ్ళు గదుల్లోకి దూరాయి. చెంబు నిండా శనగలు పోసి, నీళ్ళు పోసి, మూత బిగిస్తే ఏమవుద్ది?"

"మూత లేసిపోద్ది."

"పుర్రెకి మూత లేవదమ్మా."

చిట్టెమ్మ మంచం ఇనప కమ్మీ పట్టుకుంది. "మరైతే ఉప్పు గబగబా ఎక్కించీండమ్మా. ఊట గబగబా వచ్చీద్ది కదేటి?"

"ఆ పదకొండు రోజులూ మెదడు కణాలు ఊరుకోలేదు. వాపు తగ్గించుకోడానికి లోపలున్న సరుకు కొంత బయటికి గెంటేశాయి. ఇప్పుడు బయట ఒక్కసారి ఉప్పు పెంచామా, నీళ్ళు లాగేసుకుంటుంది, కణాలు ముడుచుకుపోతాయి. సరుకు మళ్ళీ చేర్చుకోడానికి వాటికి రోజులు పట్టుద్ది. ఈలోగా నరాల మీద తొడుగు ఊడిపోద్ది. అప్పుడు మనిషి కళ్ళు తెరుచుకునే ఉంటాడు. మాట రాదు. మింగలేడు. అది ఇవాళ తెలీదు, నాలుగైదు రోజులకి బయటపడుద్ది. రోజుకి ఎనిమిది అంకెల కంటే పెరగనివ్వను. మీరిద్దరూ ఆ చక్రం ముట్టుకోవద్దు."

నిజానికి చిట్టెమ్మ ముట్టుకోదు. జగ్గారావే ముట్టుకోబోయాడు. రెండున్నరకి రెండో పరీక్షలో నూట పన్నెండు వచ్చింది. పక్క మంచంవాడి సీసా ధారగా దిగుతుంటే సింహాద్రిది చుక్క పడి, ఆలోచించుకుని, ఇంకో చుక్క పడుతోంది. జగ్గారావు లేచి చక్రం మీద చెయ్యేశాడు. చిట్టెమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. కొలిమి దగ్గర క్యానులు మోసిన చెయ్యి అది, అంత సులువుగా ఊడదు.

"వదులు వదినా. గంటకి గుక్కెడు దిగట్లేదు. మనిసి పోతాడు."

"వదల్ను. నన్ను కొట్టుకో, సక్రం ముట్టుకోకు."

"పదకొండు రోజులు పోసినప్పుడు లేదేటి ఈ జాగర్త?"

చిట్టెమ్మ చెయ్యి వదల్లేదు.

అయిదవుతుండగా పుష్ప ఫోన్ చేసింది. చిట్టెమ్మ వరండాలోకి పోయి ఎత్తింది. "వదినా, ఈయన ఫోనెత్తట్లేదేటి? ఉప్పిడి ఇంకా ఎన్ని రోజులు? పాపం, సప్పిడి తిని సిక్కిపోయినాడేటో." "పనిలో ఉన్నాడమ్మా," అంది చిట్టెమ్మ. "ఇంకా పది రోజులు. నువ్వు పడుకో. లెగకు." ఫోన్ పెట్టేసి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

తిరిగొచ్చేసరికి జగ్గారావు ముఖం కొంచెం విప్పారి ఉంది. మంచానికి వేలాడుతున్న మూత్రం సంచీ చూపించాడు. "సూడు, నిండిపోనాది. మూడింటికి పారబోసినారు, మల్లీ నిండింది. కిడ్నీలు పని సేత్తన్నాయి. సిస్టరమ్మ కూడా మంచిదే అంది. ఒంట్లో ఎక్కువైన నీల్లన్నీ పోతన్నాయి వదినా!"

చిట్టెమ్మ వంగి చూసింది. కుళాయి నీళ్ళలా తేటగా ఉంది. సంచీ మీద గీతలు ఆమెకి అక్కర్లేదు. కంటితోనే తెలిసింది, రెండు లీటర్ల సీసా నిండేంత. రెండు గంటల్లో. నీళ్ళు పోతే మంచిదే. మరి ఉప్పు? రంగు లేదు, వాసన లేదు, ఒట్టి నీళ్ళు పోతున్నాయి. పొయ్యి మీద పులుసు మరుగుతూ ఉంటే నీళ్ళు ఆవిరైపోతాయి, కొత్తగా రవ్వ వెయ్యకపోయినా ఉప్పుకషాయం అయిపోతుంది. డాక్టరమ్మ చక్రం ఎంత బిగించినా ఏం లాభం? ఇక్కడ కిందనుంచి మరిగిపోతోంది.

సిస్టర్‌కి చెప్పింది. "ధారాళంగా రావడం మంచిదే కదమ్మా, ఆరింటికి ఎలాగూ టెస్టుంది" అని ఆవిడ ఇంకో మంచం వైపు పోయింది. ఆవిడ తప్పు లేదు, పద్దెనిమిది మంచాలకి ఒక్కత్తి. చిట్టెమ్మ సంచీ వైపు చూసింది, గోడ గడియారం వైపు చూసింది. అయిదు. పిక్కలు పట్టేసిన రోజున, తలనొప్పన్న రోజున, చొక్కా చారలు పోయిన రోజున ఆమె ఇలాగే చూసి ఊరుకుంది.

వరండా చివర డాక్టరమ్మ ఎవరితోనో మాట్లాడుతుంటే మధ్యలో వెళ్ళి నిలబడింది.

"అమ్మా, పులుసు మరిగిపోతంది."

"ఏంటి?"

"ఆడి ఒంట్లో. ఒట్టి నీల్లు పోతన్నాయి. రెండు గంటల్ల రెండు లీటర్లు. నాను పదారేల్లు నీల్లు కొలిసినాను, నాకు తెలుసు. మీరు ఎనిమిదన్నారు. దాటిపోద్ది."

డాక్టరమ్మ మాట మధ్యలో ఆపేసి మంచం వైపు నడిచింది. రక్తం తీయించి, తనే పట్టుకుపోయింది. ఇరవై నిమిషాల తర్వాత వచ్చిన అంకె నూట పద్దెనిమిది. అయిదు గంటల్లో పది పెరిగింది. రోజంతటికీ ఎనిమిదని గీత గీస్తే, సాయంత్రానికే గీత దాటేసింది.

"ఉప్పు డ్రిప్ ఆపండి," అంది సిస్టర్‌తో. "నీళ్ళు తిరిగి ఇవ్వాలి. చక్కెర నీళ్ళ బాటిల్ పెట్టండి. మూత్రం ఆపే సూది కూడా."

జగ్గారావు అడ్డం నిలబడ్డాడు. "నీల్లా? నీల్లే కదండీ ఈణ్ణి సంపింది! మల్లీ నీల్లెక్కిత్తారేటి? నానొప్పుకోను. వదినా, నువ్వు సెప్పు!"

డాక్టరమ్మ కూడా చిట్టెమ్మ వైపే చూసింది. సంతకం పెట్టాల్సిన కాగితం ఆమె చేతిలో ఉంది. చక్కెర నీళ్ళు. ఉప్పు లేకుండా. పసుపు దారం సీసాలో పోసింది కూడా అదే. పొద్దున్న తన ఒళ్ళో తల పెట్టుకుని పట్టించిందే ఇప్పుడు సూదిలోంచి మళ్ళీ ఎక్కాలి. దానికి తనే ఊఁ అనాలి. చిట్టెమ్మకి ఒక్కసారి అక్కణ్ణుంచి పారిపోవాలనిపించింది. మెట్లు దిగి, రోడ్డెక్కి, ఏ బస్సు వస్తే ఆ బస్సెక్కి. మనిషన్నాక అంత బరువు ఎవరు మొయ్యగలరు.

"పులుసు ఉప్పగైపోతే ఏటి సేత్తాం జగ్గూ?" అంది చివరికి. "నీల్లే కదేటి పోత్తాం." కాగితం లాక్కుని వేలిముద్ర వేసింది.

పొద్దుటికి అంకె నూట పదిహేనుకి దిగింది. డాక్టరమ్మ మళ్ళీ మొదటినుంచి, మళ్ళీ చుక్క చుక్క. రెండో రోజు సింహాద్రి కళ్ళు తెరిచాడు. మాట్లాడలేదు. మూడో రోజు అక్క వైపు చూశాడు, చూసి గుర్తుపట్టాడో లేదో తెలీలేదు. ఆ కళ్ళు తెరుచుకుని ఉండటమే చిట్టెమ్మకి భయం. డాక్టరమ్మ చెప్పింది అదే కదా, తెరుచుకునే ఉంటాడని. అయిదు గంటల్లో పది. ఆ పది అంకెలు లోపల ఏ గదిని ముడిచాయో, ఏ తొడుగుని ఊడదీశాయో ఎవరూ చెప్పలేరు. ఎప్పుడడిగినా ఒకటే మాట, "ఇంకా చూడాలమ్మా."

జగ్గారావు ఆమెతో మాట్లాడటం మానేశాడు. కానీ రోజూ ఆటో తోలడం ఆపి ఒక పూట వచ్చి కూర్చునేవాడు, ఆమెకి ఇడ్లీ పొట్లం మంచం మీద పడేసి వెళ్ళేవాడు. షెడ్డు నుంచి కబురొచ్చింది, రావక్కర్లేదని. కొత్తమనిషి ప్యాకెట్ల పొడి కలుపుతోందట. ఆ కబురు విని చిట్టెమ్మకి బాధ కూడా కలగలేదు.

అయిదో రోజు పొద్దున్న ముక్కులో గొట్టం తీసి, గంజి చెంచాతో పట్టి చూడమన్నారు. మింగగలిగితే సరే. లేకపోతే, అని ఆపేసింది డాక్టరమ్మ. "కొంచెం ఉప్పు వేసి పట్టండి, పర్లేదు. చిటికెడు."

చిట్టెమ్మ ఉప్పు పొట్లం విప్పింది. ఇరవై లీటర్లకి కళ్ళు మూసుకుని గుప్పెడు విసిరే చెయ్యి చిటికెడు దగ్గర బిగుసుకుపోయింది. ఎంతైతే ఎక్కువ? ఎంతైతే తక్కువ? తీసిన చిటికెడులో సగం కింద రాలింది. నాలుగు రవ్వలు గిన్నెలో పడ్డాయి. అంతకంటే వెయ్యడం చేతకాలేదు.

జగ్గారావు సింహాద్రి తల ఎత్తి పట్టుకున్నాడు. చిట్టెమ్మ చెంచా నోట్లో పెట్టింది. గంజి నాలిక మీదే ఉండిపోయింది. ఒకటి, రెండు, మూడు. పెదవి మూల నుంచి కొంచెం కారింది. చిట్టెమ్మ కొంగుతో తుడిచింది. చెయ్యి అక్కడే ఉంచింది. గొంతు మీద చిన్న కదలిక. ఆగింది. మళ్ళీ కదిలింది. దిగింది.

రెండో చెంచా. అదీ దిగింది, కొంచెం దగ్గుతో.

మూడో చెంచాకి సింహాద్రి మొహం చిట్లించి తల పక్కకి తిప్పేశాడు. పెదాలు కదిలాయి. నాలిక తడబడింది, మాట సగం సగం వచ్చింది.

"సప్ప... సప్పగున్నాదప్పా."

జగ్గారావు తల పట్టుకున్నవాడు అలాగే మంచం అంచున కూలబడ్డాడు. డాక్టరమ్మ టార్చి తీసి కళ్ళలోకి చూసింది, అరచేతిలో వేలు పెట్టి నొక్కమంది. నొక్కాడు. కుడి చెయ్యి గట్టిగా, ఎడమ చెయ్యి కాస్త తక్కువగా. "ఇంకో నాలుగు రోజులు చూడాలి," అంది. మాట మారలేదు గానీ గొంతు మారింది.

చిట్టెమ్మ ఇవేవీ వినలేదు. పొట్లం మళ్ళీ విప్పింది. రెండు వేళ్ళ మధ్య ఎంత పడితే అంత తీసింది, గిన్నెలో వేసింది, కలిపింది, తన నాలిక మీద పెట్టుకుని చూసుకుంది.

"సరిపోనాదిరా," అంది. "నోరు తెరు."